రెండవ తరగతి పిల్లలకు మ్యాథ్ కంగారూ సాధన: ఎలాంటి లెక్కలు ఇవ్వాలి, ఎలా చేయించాలి?

ప్రశ్న: ఫ్రిస్కో అమ్మ (టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ రెండవ తరగతి చదువుతోంది. వచ్చే మార్చిలో జరిగే మ్యాథ్ కంగారూ పోటీకి పేరు ఇచ్చాము. కూడికలు, తీసివేతలు తడుముకోకుండా చేస్తుంది. రెండు, ఐదు, పది ఎక్కాలు నోటికి వచ్చు. బడిలో ఇచ్చే లెక్కల కాగితాలను అందరికంటే ముందే ముగిస్తుందని వాళ్ళ టీచరు కూడా అన్నారు.

పాత ప్రశ్నపత్రం ముందు పెట్టినప్పుడు మాత్రం ఆ వేగమే అడ్డు వస్తోంది. ప్రశ్నలో కనిపించిన సంఖ్యలన్నిటినీ కూడేసి, ఆ మొత్తం కింద ఇచ్చిన ఐదు జవాబులలో ఉంటే చాలు, దానికే గుర్తు పెట్టేస్తోంది. నిన్న ఈ లెక్క ఇచ్చాను: "పిల్లలు ఒకే వరుసలో నిలబడ్డారు. రవి ముందు నుంచి ఐదవవాడు, వెనుక నుంచి నాలుగవవాడు. వరుసలో మొత్తం ఎంతమంది ఉన్నారు?" తల ఎత్తకుండానే తొమ్మిది అని రాసింది. కాదు, ఇంకోసారి చూడమంటే, "అయితే తీసేయాలా? ఒకటి" అంది. ప్రశ్నను మళ్ళీ చదవనే లేదు.

ఇలాంటి పిల్లకు రోజుకు ఎన్ని లెక్కలు ఇవ్వాలి? మా వారు ఎక్స్, వై అని పెట్టి సమీకరణాలు నేర్పిస్తే ఒక్కసారిగా అన్నీ సులువవుతాయని అంటున్నారు. ఏడేళ్ళ పిల్లకు అది తగినదేనా అని నాకు సందేహంగా ఉంది. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య తన కొడుకు చేసే ఒలింపియాడ్ అభ్యాస పుస్తకాలు పంపిస్తానన్నాడు. అవి ఈ పోటీకి పనికి వస్తాయా? గడియారం పెట్టి చేయించడం ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో కూడా, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఎడిసన్ నాన్న (న్యూజెర్సీ)

మా పిల్లలిద్దరూ ఈ పోటీ రాశారు కాబట్టి ముందుగా పరీక్ష తీరు గురించి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలలో సగానికి జవాబు అందులోనే ఉంది.

ఒకటి నుంచి నాలుగవ తరగతి వరకు పిల్లలకు 24 ప్రశ్నలు, 75 నిమిషాల సమయం ఇస్తారు. మొదటి 8 ప్రశ్నలకు మూడేసి, తర్వాతి 8కి నాలుగేసి, చివరి 8కి ఐదేసి మార్కులు, మొత్తం 96. అంటే ఒక్కో ప్రశ్నకు సగటున మూడు నిమిషాలకు పైగా ఉంటుంది. బడిలో ఒక కూడిక లెక్కకు మన పిల్లలు పది సెకన్లు కూడా తీసుకోరు; ఇక్కడ మూడు నిమిషాలు ఇచ్చారంటే, ఆలోచించడానికీ బొమ్మ గీసుకోవడానికీ ఇచ్చారని అర్థం. అమెరికాలో తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు. జర్మనీ వంటి దేశాలలో తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కులలో నాలుగవ వంతు పోతుంది. మీరు సాధన కోసం వేరే దేశాల పాత పత్రాలు చూసేటట్లయితే ఈ తేడా గుర్తుంచుకోండి.

ఈ పోటీ పుట్టుక కూడా తెలుసుకోదగినది. ఆస్ట్రేలియాలో 1978లో మొదలైన జాతీయ గణిత పోటీని చూసి, ఫ్రాన్సులో ఆంద్రె దెలెదిక్, జాన్ పియెర్ బుదిన్ అనే ఇద్దరు 1991లో దీన్ని ప్రారంభించారు. ఆస్ట్రేలియా పట్ల గౌరవంగానే కంగారూ పేరు పెట్టారు. ఏరివేసి కొందరిని మాత్రమే నిలబెట్టడం కోసం కాక, వేలమంది పిల్లలు ఒకే రోజు కూర్చుని లెక్కల్లో ఆనందం పొందాలన్న ఉద్దేశంతో పెట్టిన పోటీ ఇది. అమెరికాలో 1998 నుంచి జరుగుతోంది. మార్చిలో మూడవ గురువారం దీని రోజు. మొదటి ఎనిమిది ప్రశ్నలు దాదాపు ప్రతి పిల్లా చేయగలిగేలా ఉండటానికి కారణం ఆ ఉద్దేశమే. కాబట్టి మీ పాపకు 96కి ఎన్ని వస్తాయన్న లెక్క ఇప్పుడే వేయకండి.

గడియారం సంగతి: జనవరి దాటేదాకా దాని జోలికి వెళ్ళవద్దని నా సలహా.

జవాబు: తెనాలి లెక్కల మాస్టారు

అమ్మా, మీ పాప వేసిన తొమ్మిది, ఆ తర్వాత చెప్పిన ఒకటి, రెండూ ఒక విషయాన్నే చెబుతున్నాయి. ఆమె లెక్కలో జరిగిన సంగతి దగ్గరకు వెళ్ళకుండా నేరుగా సంఖ్యల దగ్గరకు వెళుతోంది. బడి లెక్కలలో అది చెల్లుతుంది, ఎందుకంటే కూడికల పాఠం చివర ఇచ్చేవన్నీ కూడికలే, తీసివేతల పాఠం చివర ఇచ్చేవన్నీ తీసివేతలే. ఏం చేయాలో పాఠం పేరే చెప్పేస్తుంది. పోటీ లెక్కకు పాఠం పేరు ఉండదు. అందువల్ల మీరు మార్చవలసింది లెక్కల సంఖ్యను కాదు, లెక్కను వినే పద్ధతిని.

నేను చిన్న తరగతుల పిల్లలకు చేసే పని ఒకటి చెబుతాను. మొదటిసారి లెక్కను సంఖ్యలు లేకుండా చెబుతాను. "రవి వరుసలో నిలబడ్డాడు. ముందు నుంచి లెక్కపెడితే వాడు ఎన్నో వాడో మనకు తెలుసు. వెనుక నుంచి లెక్కపెడితే ఎన్నో వాడో కూడా తెలుసు. వరుసలో ఎందరున్నారో కనుక్కోవాలి." సంఖ్యలు లేవు కాబట్టి కూడటానికి ఏమీ దొరకదు; పిల్ల ఆ వరుసను మనసులో చూడక తప్పదు. ఇప్పుడు "ముందు నుంచి లెక్కపెట్టినప్పుడు రవిని కూడా లెక్కపెట్టామా? వెనుక నుంచి లెక్కపెట్టినప్పుడో?" అని అడగండి. రవిని రెండుసార్లు లెక్కపెట్టామన్న సంగతి పిల్ల నోటి నుంచే రావాలి. ఆ తర్వాతే ఐదు, నాలుగు అని చెప్పండి. చింతపిక్కలో, బటన్లో, ఏవి ఉంటే అవి ఐదు వరుసగా పెట్టించి, ఐదవది రవి అనుకోమనండి. వెనుక నుంచి వాడు నాలుగవవాడు కావాలంటే వాడి వెనుక ఇంకా మూడు పెట్టాలి. మొత్తం ఎనిమిది.

అక్కడితో ఆపకండి. అదే రోజు అవే సంఖ్యలతో ఇంకో రెండు లెక్కలు అడగండి. "రవికి ముందు ఐదుగురు, వెనుక నలుగురు ఉన్నారు, వరుసలో ఎందరు?" దీనికి జవాబు పది, ఎందుకంటే ఈసారి రవిని ఎవరూ లెక్కపెట్టలేదు. "ఒక బుట్టలో ఐదు మామిడికాయలు, ఇంకో బుట్టలో నాలుగు, మొత్తం ఎన్ని?" ఇది తొమ్మిది. ఐదు, నాలుగు అనే అవే రెండు సంఖ్యలు ఒకచోట ఎనిమిదిని, ఒకచోట పదిని, ఒకచోట తొమ్మిదిని ఇచ్చాయని కళ్ళారా చూసిన పిల్ల, ఇక ప్రశ్న చదవకుండా కూడటానికి జంకుతుంది. ఇలా ఒకే సంఖ్యలతో వేర్వేరు సంగతులు చెప్పే లెక్కలను పక్కపక్కన పెట్టడం నూరు విడి లెక్కలు చేయించడం కంటే మేలు చేస్తుంది. ఈ వయసు పిల్లలకు నేను ఇవ్వగలిగిన ముఖ్యమైన సలహా ఇదే.

ఇదే పద్ధతిలో మరి కొన్ని రాస్తున్నాను, ఇంట్లో వాడుకోండి.

చెరుకుగడను ఆరు ముక్కలు చేయాలి. ఒక్కో నరుకుకు రెండు నిమిషాలు పడుతుంది. ఎంత సేపు పడుతుంది? పిల్లలు పన్నెండు అంటారు. నరుకులు ఐదే కాబట్టి జవాబు పది నిమిషాలు. దీనికి జతగా, రెండు కొసలూ ముడి వేసిన దారాన్ని ఆరు ముక్కలు చేయాలంటే ఎన్నిసార్లు కత్తిరించాలో అడగండి. ఇక్కడ ఆరుసార్లు కత్తిరించాలి, ఎందుకంటే మొదటి కత్తిరింపుతో ముక్కలు పెరగవు, చుట్టు తెరుచుకుంటుంది అంతే. దారం, కత్తెర చేతికిచ్చి చేయించండి. ముక్కల కంటే ఒకటి తక్కువ అనే సూత్రాన్ని బట్టీ పట్టిన పిల్ల ఈ రెండవ లెక్కలో పడిపోతుంది. చేసి చూసిన పిల్ల పడదు.

అక్కా తమ్ముళ్ళ వయసులు కలిపి పదేళ్ళు. మూడేళ్ళ తర్వాత ఇద్దరి వయసులూ కలిపితే ఎంత? పదమూడు అనడం సహజం. ఇద్దరికీ మూడేసి ఏళ్ళు పెరుగుతాయి కాబట్టి పదహారు. వయసుల మధ్య తేడా మాత్రం మూడేళ్ళ తర్వాత కూడా మారదు. మొత్తాన్నీ తేడానూ ఒకే రోజు పక్కపక్కన అడగండి.

అక్క దగ్గర 14 గోళీలు, తమ్ముడి దగ్గర 8 ఉన్నాయి. ఇద్దరికీ సమానం కావాలంటే అక్క ఎన్ని ఇవ్వాలి? పిల్లలు వెంటనే ఆరు అంటారు. ఆరు నిజంగా ఇచ్చి చూడమనండి. ఇప్పుడు అక్కకు 8, తమ్ముడికి 14 అయి కూర్చుంటాయి. అక్క ఒక గోళీ ఇచ్చినప్పుడల్లా తేడా రెండు తగ్గుతుందని పిల్ల తానే గమనించి మూడు అంటుంది.

ఇక మీ వారి ఎక్స్, వైల గురించి. వారు చెప్పేది పెద్ద తరగతులకు సరైనదే, కానీ ఇప్పుడు వద్దు. కారణం చూపిస్తాను. పెరట్లో కోళ్ళూ మేకలూ కలిసి తలలు 8, కాళ్ళు 22 ఉన్నాయి; కోళ్ళెన్ని, మేకలెన్ని? పాపను ఎనిమిది గుండ్రాలు గీయమనండి, అవి తలలు. ప్రతి తలకూ ముందుగా రెండు కాళ్ళు గీయమనండి. పదహారు కాళ్ళయ్యాయి, ఇంకా ఆరు మిగిలాయి. ఆ ఆరింటినీ రెండేసి చొప్పున పంచుకుంటూ పోతే మూడు జంతువులకు నాలుగేసి కాళ్ళు వస్తాయి. మూడు మేకలు, ఐదు కోళ్ళు. ఇందులో పిల్ల చేసిన ప్రతి పనికీ అర్థం ఆమెకు తెలుసు. సమీకరణంలో ఆ పని అంతా గుర్తుల వెనుకకు పోతుంది. జవాబు వస్తుంది గాని, ఎందుకు వచ్చిందో ఏడేళ్ళ పిల్లకు తెలియదు. రేపు ఆరవ, ఏడవ తరగతిలో సమీకరణం నేర్చుకునేటప్పుడు, ఈ బొమ్మ గీసిన పిల్లకు అది చాలా తేలికగా పట్టుబడుతుంది.

రోజుకు రెండు లెక్కలు చాలు. ఒకటి ఆమె చేయగలిగినది, ఒకటి కొంత ఇబ్బంది పెట్టేది. పావుగంట దాటనివ్వకండి. రెండవది తేలకపోతే జవాబు చెప్పకుండా వదిలేయండి, మర్నాడు మళ్ళీ అదే ఇవ్వండి. రాత్రంతా మనసులో నానిన లెక్క పొద్దున్నే తెమలడం నేను ఎందరో పిల్లలలో చూశాను.

ఇంకొక్క మాట. ఆంగ్లంలో ఇచ్చిన లెక్క తేలనప్పుడు, దాన్నే తెలుగులో చెప్పి చూడండి. తెలుగులో విని వెంటనే చేసిందంటే ఆమెకు కష్టమైనది లెక్క కాదు, చదవడమే. అప్పుడు ఆ వాక్యాలను నెమ్మదిగా చదివించాలి. తెలుగులో విన్నా తేలకపోతేనే పిక్కలు, బొమ్మలు అవసరం. పరభాషా దేశంలో పెరిగే మన పిల్లల విషయంలో ఈ రెండిటినీ వేరు చేసి చూడటం చాలా ముఖ్యం.

జవాబు: కూకట్‌పల్లి నాన్న (హైదరాబాద్)

మాస్టారు గారికి నమస్కారాలు. మీరు చెప్పిన పద్ధతిని పూర్తిగా ఒప్పుకుంటూనే, ఒక విషయంలో కొంచెం వేరుగా చెప్పదలచుకున్నాను. ముందుగా ఫ్రిస్కో అమ్మగారు అడిగిన అభ్యాస పుస్తకాల సంగతి.

ఇక్కడి బడులలో ఎక్కువమంది పిల్లలు రాసేది సైన్స్ ఒలింపియాడ్ ఫౌండేషన్ వారి ఐ.ఎం.ఓ. పరీక్ష. దీనికీ, 1959లో రుమేనియాలో మొదలై, ఏటా ఒక్కో దేశం నుంచి ఆరుగురు హైస్కూలు విద్యార్థులు వెళ్ళే అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కూ సంబంధం లేదు. పొట్టి పేరు ఒకటే కావడం వల్ల, ఒకటవ తరగతిలో ఐ.ఎం.ఓ. పతకం వచ్చిందని బంధువులు ఎంతో పెద్దగా అనుకోవడం నేను చూస్తుంటాను. మన దేశం తరఫున ఆ పెద్ద ఒలింపియాడ్‌కు వెళ్ళే దారి వేరు. అది హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం పర్యవేక్షణలో హైస్కూలు వయసులో మొదలవుతుంది.

ఒకటి నుంచి నాలుగవ తరగతి వరకు ఈ బడి ఐ.ఎం.ఓ.లో 35 ప్రశ్నలకు 60 నిమిషాలే ఇస్తారు. అంటే ప్రశ్నకు రెండు నిమిషాలు కూడా లేవు. పైగా ప్రశ్నలలో ఎక్కువ భాగం ఆ తరగతి పాఠ్యాంశాల మీదే ఉంటుంది. అందువల్ల మీ అన్నయ్య గారు పంపే పుస్తకాలలో మీకు ఉపయోగపడేది తార్కిక విభాగం ఒక్కటే: వరుసలో తర్వాతి బొమ్మ ఏది, గుంపులో చేరనిది ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది అనే లెక్కలు. మిగతావి మీ పాపకు ఇప్పటికే వచ్చిన కూడికలు, తీసివేతలే. మా పరీక్షకు వేగం కావాలి, అందుకు రోజుకు రెండు లెక్కలు చాలవు. అదే నేను వేరుగా చెప్పదలచుకున్నది. మీ పరీక్షకైనా చివరి నెలలో వారానికి ఒక పూర్తి పత్రం కూర్చోబెట్టి చేయించడం అవసరమనే నా అభిప్రాయం. గంటకు పైగా ఒకచోట కూర్చోవడం కూడా ఈ వయసులో నేర్చుకోవలసిన పనే.

మా వీధిలోని ఒక కోచింగ్ కేంద్రంలో మా అబ్బాయికి నేర్పిన పద్ధతి గురించి హెచ్చరించకుండా ఉండలేను. లెక్కలో "మొత్తం" అన్న మాట కనిపిస్తే కూడాలి, "మిగిలాయి" అని కనిపిస్తే తీసివేయాలి అని ఒక పట్టిక ఇచ్చి బట్టీ పట్టించారు. తర్వాత వాడికి ఈ లెక్క వచ్చింది: "సీత దగ్గర కొన్ని గోళీలు ఉన్నాయి. తమ్ముడికి 4 ఇచ్చాక 9 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?" వాడు పట్టిక ప్రకారం తొమ్మిదిలోంచి నాలుగు తీసివేసి ఐదు అని రాశాడు. జవాబు పదమూడు. ఇచ్చేయక ముందు ఐదే ఉంటే, నాలుగు ఇచ్చాక తొమ్మిది ఎలా మిగులుతాయని వాడికి తట్టనే లేదు, ఎందుకంటే వాడి చూపు సీత మీద లేదు, మాట మీద ఉంది. ఆ పట్టికను మరిపించడానికి మాకు చాలా కాలం పట్టింది. కోచింగ్‌లో చేర్పించే ముందు, ఇలాంటి పట్టికలు ఇస్తారా అని అడిగి తెలుసుకోండి.

ఫ్రిస్కో అమ్మ (కొన్ని వారాల తర్వాత)

మాస్టారు గారికీ, మిగతా ఇద్దరికీ కృతజ్ఞతలు. సంఖ్యలు లేకుండా లెక్క చెప్పే పద్ధతి మా ఇంట్లో బాగా కుదిరింది. ఇప్పుడు వరుసల లెక్క ఏది వచ్చినా పాప మొట్టమొదట "వాడిని కూడా లెక్కపెట్టాలా?" అని అడుగుతోంది. ముడి వేసిన దారం లెక్కను వాళ్ళ నాన్నకు పెట్టి, ఆయన ఐదు అన్నాక కత్తెర ఇచ్చి చేయించింది. సమీకరణాల ప్రస్తావన మళ్ళీ రాలేదు.

రెండు చోట్ల మాత్రం ఇంకా ఆగిపోతున్నాము. మొదటిది, ఘనాలు పేర్చిన బొమ్మ ఇచ్చి మొత్తం ఎన్ని ఉన్నాయని అడిగే లెక్కలు. పైకి కనిపించేవి మాత్రమే లెక్కపెడుతోంది. రెండవది, "ఎన్ని రకాలుగా చేయవచ్చు" అనే లెక్కలు. కొన్ని దొరకగానే అయిపోయిందంటుంది, లేదా ఒక్కదాన్నే రెండుసార్లు రాస్తుంది. దీనితోపాటు, బొమ్మ తప్పు గీసినప్పుడల్లా రబ్బరుతో మొత్తం చెరిపేసి, కాగితం నలిగిపోయి, ఏడుపు మొదలవుతోంది. దీనికి ఏం చేయాలి?

జవాబు: తెనాలి లెక్కల మాస్టారు

అమ్మా, చాలా సంతోషం. కూకట్‌పల్లి వారు చెప్పిన "మిగిలాయి" లెక్క కూడా మంచిది, దాన్ని మీ జాబితాలో చేర్చుకోండి. పరీక్షకు ముందు పూర్తి పత్రాలు చేయించమన్న వారి మాటతోనూ నేను ఏకీభవిస్తున్నాను.

ఘనాల లెక్కకు బొమ్మతో మొదలుపెట్టకండి, వస్తువుతో మొదలుపెట్టండి. చక్కెర ఘనాలో, చెక్క దిమ్మెలో తీసుకుని గది మూలలో పేర్పించండి. అడుగున గోడకు ఆనించి మూడు, వాటి ముందు రెండు, వాటి ముందు ఒకటి, అంటే ఆరు. వాటిపైన మూలకు జరిపి రెండు, వాటి ముందు ఒకటి, అంటే మూడు. అన్నిటికంటే పైన మూలలో ఒకటి. ఇప్పుడు కొంచెం దూరంగా, ఎదురుగా నిలబడి ఏటవాలుగా చూడమనండి. ఆరు మాత్రమే కనిపిస్తాయి, నాలుగు దాగి ఉంటాయి. కనిపించనివి ఉన్నాయని ఆమెకు తెలుసు, ఎందుకంటే తన చేత్తోనే పెట్టింది; అవి లేకపోతే పైనున్నవి నిలబడవు. రెండవ రోజు దాన్ని గళ్ళ కాగితం మీదకు తీసుకురండి. పైనుంచి చూస్తే ఒక్కో గడిలో ఎన్ని ఘనాలు ఒకదానిపై ఒకటి ఉన్నాయో రాయమనండి: మొదటి వరుసలో మూడు, రెండు, ఒకటి, దాని కింద రెండు, ఒకటి, దాని కింద ఒకటి. కూడితే పది. పోటీ పత్రంలో ఏ ఘనాల బొమ్మ వచ్చినా ఈ గళ్ళలో సంఖ్యలు రాసుకునే అలవాటు ఆమెకు తోడుగా ఉంటుంది. కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిచి ఒక రంధ్రం చేస్తే విప్పినప్పుడు ఎన్ని ఉంటాయి అనే లెక్క కూడా ఈ కోవలోదే. విప్పకముందు నాలుగు రంధ్రాలూ ఎక్కడెక్కడ వస్తాయో గుర్తు పెట్టించి, ఆ తర్వాతే విప్పించండి.

"ఎన్ని రకాలుగా" అనే లెక్కలలో పిల్లకు కావలసింది వరుస. రెండు అంకెల సంఖ్యలలో అంకెల మొత్తం 5 అయ్యేవి ఎన్ని అని అడగండి. తోచినట్టు రాస్తే 23, 41, 14 అని రాసి ఆగిపోతుంది. పదుల స్థానంలో ఒకటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుకుంటూ పొమ్మనండి: 14, 23, 32, 41, 50. ఇలా రాసిన పిల్లకు 50 తప్పిపోదు, ఏదీ రెండుసార్లు రాదు, ఇంకా ఉన్నాయేమోనన్న అనుమానం కూడా ఉండదు. మీరున్న చోటి నాణేలతో ఒకటి చేయించండి: పెన్నీ (ఒక సెంటు), నికెల్ (ఐదు సెంట్లు), డైమ్ (పది సెంట్లు) నాణేలతో 15 సెంట్లు ఎన్ని రకాలుగా ఇవ్వవచ్చు? పెద్ద నాణెంతో మొదలుపెట్టాలి. డైమ్ ఒకటి ఉంటే మిగిలిన ఐదు సెంట్లకు ఒక నికెల్ గాని, ఐదు పెన్నీలు గాని, అంటే రెండు రకాలు. డైమ్ లేకపోతే నికెల్లు మూడు, రెండు, ఒకటి, లేదా అసలు లేకుండా, అంటే నాలుగు రకాలు. మొత్తం ఆరు. నాణేలు బల్లమీద పోసి, దొరికిన ప్రతి రకాన్నీ విడిగా ఒక వరుసలో పెట్టించండి, రాయించడం తర్వాత.

ఇక రబ్బరు. లెక్కల సమయంలో దాన్ని బల్లమీద నుంచి తీసేయండి. తప్పు బొమ్మ మీద ఒక గీత కొట్టి, పక్కన కొత్తది గీయమనండి. ఇందుకు పెద్ద తెల్లకాగితం ఇవ్వండి. చిన్న గడిలో గీయమంటే ఏ పిల్లకైనా విసుగు వస్తుంది. గీత కొట్టిన బొమ్మలో సగం సరిగ్గానే ఉంటుంది, దాన్ని చూసే రెండవ బొమ్మ గీస్తుంది. మీరు పక్కన కూర్చున్నప్పుడు "తప్పు" అనే మాటకు బదులు "ఇందులో రవి ఎక్కడున్నాడో చూపించు" అని అడగండి. చూపించబోయి తానే దిద్దుకుంటుంది. కన్నీళ్ళు వచ్చిన రోజున ఆ లెక్క అక్కడితో ఆపేసి, ఆమెకు బాగా వచ్చిన పాత లెక్క ఒకటి చేయించి లేపండి.

జవాబు: ఎడిసన్ నాన్న (న్యూజెర్సీ)

మాస్టారు గారి ఘనాల పద్ధతిని మా చిన్నవాడి చేత కూడా చేయిస్తాను.

పరీక్ష రోజు గురించి రెండు మాటలు చేర్చుతాను. తప్పుకు మార్కులు పోవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదని పాపకు ముందే చెప్పండి. తేలని ప్రశ్నకు చిన్న గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్ళి, చివర్లో వెనక్కి రావాలి. వరుసగానే చేయాలన్న పట్టుదల వల్ల 15వ ప్రశ్న దగ్గర కూర్చుండిపోయే పిల్లలు చాలామంది ఉంటారు. ఐదు మార్కుల ప్రశ్నలలో కూడా బొమ్మను జాగ్రత్తగా చూస్తే తేలిపోయేవి తరచుగా ఒకటి రెండు ఉంటాయి, కాబట్టి చివరి పేజీ చూడకుండా పరీక్ష ముగించవద్దని చెప్పండి. చిత్తు కాగితం మీద బొమ్మలు గీసుకోవడం ఇంట్లో అలవాటైతేనే అక్కడ గుర్తుకు వస్తుంది.

మార్చి తర్వాత ఇంకా ఆసక్తి ఉంటే, రత్నం చిట్టూరి గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ వారి మ్యాథ్ బీ అనే లెక్కల పోటీ చూడండి. మన పిల్లలు చాలామంది అందులో పాల్గొంటారు, ఆ సంస్థ భారతదేశంలోని పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు కూడా ఇస్తుంది. బడులలో నాలుగవ తరగతి నుంచి మొదలయ్యే మోయమ్స్ (MOEMS) అనే లెక్కల పోటీ మరొకటి. నవంబరు నుంచి మార్చి వరకు ఐదు విడతలు, ప్రతిసారీ ఐదు లెక్కలు, అరగంట సమయం. ఎంచుకునే జవాబులు ఇవ్వరు, పిల్లలే కనుక్కుని రాయాలి. మీ పాప ఇప్పుడు అలవాటు చేసుకుంటున్న బొమ్మలు, వరుసలు అక్కడ నేరుగా పనికి వస్తాయి. మీ బడిలో ఆ పోటీ జరుగుతుందో లేదో ఈ ఏడాదే టీచరు గారిని అడిగి ఉంచండి. జరగకపోతే ఎవరో ఒక తల్లో తండ్రో పూనుకుని మొదలుపెట్టించడానికి రెండేళ్ళ వ్యవధి సరిపోతుంది.